నాలుగు గంటలు కాదు, రోజంతా
కిడ్నీలు పనిచెయ్యనివాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే డయాలసిస్ అంటే వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు, మిగతాదంతా మామూలు జీవితమే అని వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరి పర్లాకిమిడి, మా నాన్నకు మూడేళ్లుగా సాగుతోంది. మిషన్ మీద నాలుగు గంటలే, కానీ తెల్లారకముందే బయల్దేరితే ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతుంది, ఆ రాత్రి ఆయన పిలిచినా పలకరు. అన్నిటికన్నా కష్టం నీళ్లు. ఎండాకాలమంతా తరవాణి తాగి పెరిగిన మనిషి. ఇప్పుడు చారు, మజ్జిగ, టీ అన్నీ కలిపి డాక్టరు చెప్పిన లీటరు లోపే. అమ్మ పొద్దున్నే సీసాలో కొలిచి పెడుతుంది. ఆయన ఎదుట గ్లాసెత్తి నీళ్లు తాగడం నేను మానేశాను. రోజూ లేవగానే ఆయన చేతిలో డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మీద చెయ్యి పెట్టి, రక్తం పారుతోందని చెప్పే ఆ సన్నని అదురు ఉందా అని చూస్తాను, ఆ చేతికి బీపీ కూడా చూడనివ్వం. ఇంకొకటి, వ్యాసంలో తప్పక ఉండాల్సింది: మరణానంతర దాతల కిడ్నీ కోసం పేరు రాయించుకోవడానికి స్థానిక నివాసం షరతు తీసెయ్యమని 2023లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, 65 ఏళ్ల పరిమితీ ఎత్తేసింది. ఒడిశా చిరునామాతో ఆంధ్రాలో కుదరదనుకుని మేం ఏడాది పోగొట్టుకున్నాం.