గలతియా కొలతలు దాచడమెందుకు?

గ్రేట్ నికోబార్‌లోని గలతియా అఖాతంలో 20,668 పగడపు కాలనీలు ఉన్నాయని లెక్క చెప్పింది మన ప్రభుత్వ యంత్రాంగమే. వాటిలో 16,150 కాలనీల్ని పెకలించి మరోచోట నాటుతామన్నదీ వాళ్లే. ఇప్పుడు ఓడరేవు పనులు జరిగే మేర పగడపు దిబ్బే లేదంటున్నారు. 2022లో అండమాన్ నికోబార్ తీరప్రాంత యాజమాన్య సంస్థ ఈ ప్రాజెక్టులో సుమారు 7 చదరపు కిలోమీటర్లు తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లోని సీఆర్‌జెడ్-1ఏ కిందికి, అంటే రేవులు కట్టకూడని చోటికి, వస్తుందని చెప్పింది. తర్వాత చెన్నైలోని జాతీయ సుస్థిర తీర యాజమాన్య కేంద్రం వెళ్లి పరిశీలిస్తే అసలేమీ రాదని తేలిందట. ఇంత తేడా ఎలా వచ్చిందో చూపించే కాగితాలు మాత్రం గోప్యమట.

నిరుడో మొన్నో మొదలైన గొడవ కాదిది. ఓడరేవు, విమానాశ్రయంతో సహా 72 వేల కోట్ల రూపాయల అంచనాతో మొదలైన ఈ ప్రాజెక్టు గురించి, 2022 నవంబర్‌లో వచ్చిన పర్యావరణ అనుమతి గురించి, నరకబోయే లక్షల చెట్ల గురించి పాఠకులకు తెలుసు. 2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ సూటిగా మూడు సంగతులు ఎత్తిచూపింది. 16,150 కాలనీల్ని తరలిస్తే మిగిలిన 4,518 కాలనీల గతేమిటి? మూడు సీజన్ల సమాచారం సేకరించాల్సిన చోట ఒక్క సీజన్‌తో ఎందుకు సరిపెట్టారు? 1ఏ పరిధిలో రేవు ఎలా కడతారు? ఇవి తేల్చడానికి ఉన్నతాధికార కమిటీ వేసింది. కమిటీ తేల్చింది. 2026 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ కూడా జోక్యానికి కారణం కనిపించలేదంటూ కేసు ముగించింది. ఏ కొలతల ఆధారంగా తేల్చారో మాత్రం దేశానికి తెలియదు.

దేశ భద్రతకు ఈ దీవి కీలకమని, మలక్కా జలసంధి ముఖద్వారంలో మనకో పెద్ద రేవు ఉండాలని, మన కంటైనర్లు కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి ఓడ మారడం ఆగాలని ప్రభుత్వం అంటోంది. ఆ అవసరాన్ని మేం కాదనడం లేదు. అయితే సముద్రం అడుగున ఎంత మేర పగడం ఉంది, ఎంత మేర ఇసుక ఉంది అన్నది సైనిక రహస్యం ఎలా అవుతుంది?

ఈ సర్వే ఎలా చేస్తారో తెలిస్తే దాపరికం ఎంత అసంబద్ధమో అర్థమవుతుంది. డైవర్లు ఇద్దరిద్దరుగా దిగుతారు. ఒకరు అడుగు వెంబడి టేపు పరుచుకుంటూ పోతారు. కొందరు 20 మీటర్లు పరుస్తారు, కొందరు 50, కొందరు 100. రెండోవారు ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాసుకుంటూ వెనకాల వస్తారు. టేపు కింద ఏముంది? సున్నా నుంచి 34 సెంటీమీటర్ల దాకా బతికున్న గట్టి పగడం. అక్కడి నుంచి 51 దాకా ఇసుక. తర్వాత విరిగిన కొమ్మల ముక్కలు, తర్వాత నాచు పట్టిన చచ్చిన పగడం, మధ్యలో ఓ స్పాంజి. ఇలా సెంటీమీటరు సెంటీమీటరూ రాస్తారు. ఇంకో పద్ధతిలో ప్రతి అర మీటరుకూ ఆగి సరిగ్గా ఆ చుక్క కింద ఏముందో రాస్తారు. పీవీసీ గొట్టాలతో చేసిన మీటరు చట్రాన్ని అడుగున ఆనించి, నిలువుగా ఫొటో తీసుకుని, ఒడ్డుకొచ్చాక కంప్యూటర్ మీద లెక్కించేవాళ్లూ ఉన్నారు. అలాంటి టేపులు ఒక్కో లోతులో కొన్ని, ఒక్కో చోట కొన్ని వేసి సగటు తీస్తే అప్పుడొస్తుంది అసలు లెక్క: ఈ అడుగులో బతికున్న పగడం ఇంత శాతం, చచ్చినది ఇంత, ఇసుక ఇంత, నాచు ఇంత అని.

మన దగ్గర ఆ శాతాలు లేవు. ఉన్నదల్లా కాలనీల సంఖ్య. సంఖ్య వేరు, విస్తీర్ణం వేరు. కాలనీ అంటే గుప్పెడంత కొమ్మ కావచ్చు, ఎడ్లబండంత బండపగడమూ కావచ్చు. బండపగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటుగా పెరుగుతుంది. రెండు మీటర్ల ఎత్తున్న బండను చూశామంటే అది మన తాతల తాతల కాలం నుంచీ అక్కడుందన్నమాట. లెక్కలో అదీ ఒకటే, నిరుడు మొలిచిన పిల్లదీ ఒకటే. 16,150లో అలాంటి బండలెన్ని? వాటిని ఎలా పెకలిస్తారు? చెప్పరు.

ఇంకో చిక్కుంది. వేడికి పాలిపోయి తెల్లబడిన పగడం చచ్చినట్టే కనిపిస్తుంది గానీ దానిలో ఇంకా ప్రాణం ఉంటుంది. నీళ్లు చల్లబడితే కొన్ని వారాల్లో కోలుకోవచ్చు. 1998లో, 2010లో, 2016లో అండమాన్ పగడాలు అలా తెల్లబడ్డాయి. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి ఆ ఉపద్రవం వచ్చిందని ప్రకటించారు. తెల్లబడిన నెలలో సర్వే చేస్తే ఒక అంకె వస్తుంది, కోలుకున్నాక చేస్తే మరోటి. నీళ్లు బురదగా ఉన్న వానాకాలంలో దిగితే అసలు కనిపించకపోవచ్చు. అందుకే మూడు సీజన్ల లెక్క అడుగుతారు. పైకి బోడి రాయిలా కనిపించే చోట లేత గులాబీ రంగు సున్నపు నాచు పేరుకుని ఉంటే, పగడపు పిల్లలు వచ్చి అంటుకునేది దాని మీదే. 2004లో సునామీ తెచ్చిన భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస కొన్ని మీటర్లు కుంగిపోయింది. తీరం రూపమే మారిపోయింది. అలాంటి చోట ఇవాళ్టి ఖాళీ రాయి రేపటి దిబ్బ. దాన్ని ‘పగడం లేని చోటు’ అని ఒక్క ముక్కలో కొట్టేయడానికి వీల్లేదు.

ఇప్పుడు ట్రైబ్యునల్ ముందు పెట్టిన మాట చూడండి. పనులు జరిగే పరిధిలో ‘దిబ్బ’ లేదు, పక్కన ‘చెదురుమదురు పగడాలు’ ఉన్నాయి, వాటిని తరలిస్తాం. దిబ్బకూ చెదురుమదురుకూ మధ్య గీత ఎక్కడ గీశారు? ఎంత శాతం దాటితే దిబ్బ? ఎన్ని టేపులు వేశారు? ఏ లోతుల్లో? ఏ నెలలో? 20,668 కాలనీల్ని లెక్కగట్టినచోటే దిబ్బ లేదని చెప్పడానికి ఏ కొలమానం వాడారు? వీటికి జవాబు నాలుగు పేజీల పట్టిక. అది బయటపెడితే దేశంలో ఉన్న పగడాల శాస్త్రవేత్తలు వారంలో చూసి తప్పో ఒప్పో చెప్పేస్తారు. పైగా పని పరిధి దాటితే ముప్పు లేదన్నట్టు మాట్లాడటం సముద్రం తెలియని మాట. అడుగు తవ్వితే రేగే మట్టి హద్దురాయి దగ్గర ఆగదు. కెరటంతో పాటు కొట్టుకుపోయి దూరాన ఉన్న పగడం మీద పేరుకుంటుంది. దాన్ని కడుక్కోవడానికే పగడం ఉన్న శక్తంతా ఖర్చుపెట్టుకుంటుంది. మిగిలిన 4,518 గురించి ట్రైబ్యునల్ 2023లో అడిగింది ఇందుకే.

మన ఊళ్లో భూముల రీసర్వే జరిగితే ఏం చేస్తారు? రైతుకు నోటీసిస్తారు. పక్క చేను రైతుకూ ఇస్తారు. అందరి ఎదుటా కొలుస్తారు. అభ్యంతరం ఉంటే అప్పీలు పెట్టుకోమంటారు. సర్వేయరు వచ్చి, ‘నిరుడు నీకు ఏడెకరాలుందని రాశాం, ఇప్పుడు కొలిస్తే సెంటు కూడా లేదు, కొలతల పుస్తకం మాత్రం చూపించం’ అంటే ఏ ఊళ్లో అయినా ఊరుకుంటారా? తహసీల్దారు ఆఫీసు ముందు బైఠాయిస్తారు. సముద్రం అడుగుకు పట్టాదారు లేడు కాబట్టి అక్కడ ఏం రాసినా చెల్లుతుందని ఢిల్లీ అనుకుంటోంది.

పైగా కొలిచినవాళ్లెవరు, తేల్చినవాళ్లెవరు? కమిటీకి పెద్ద పర్యావరణ శాఖ కార్యదర్శి. అనుమతి ఇచ్చింది ఆ శాఖే. సభ్యుల్లో నీతి ఆయోగ్ ప్రతినిధి ఉన్నారు. ఈ ప్రాజెక్టును తలకెత్తుకున్నది నీతి ఆయోగే. నౌకాయాన శాఖ ప్రతినిధి ఉన్నారు. పగడాల సర్వే చేసిన జువలాజికల్ సర్వే కూడా ఉంది. తన సర్వే మీద వచ్చిన సందేహాన్ని తానే కూర్చుని తీర్చుకోవడం ఏ పద్ధతి? ఈ సంస్థల్లోని శాస్త్రవేత్తల నిజాయతీని మేం శంకించడం లేదు. నీళ్లలో దిగి గంటల తరబడి కొలిచేవాళ్ల కష్టం చిన్నది కాదు. ఆ కష్టానికి విలువ ఇవ్వాలంటే వాళ్లు రాసిన పలకలు దేశానికి చూపించాలి. బీరువాలో పెట్టి తాళం వేయడం వాళ్లకు చేస్తున్న అన్యాయమే.

బయటపెడితే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియాను చూడండి. గ్రేట్ బారియర్ రీఫ్‌ను అక్కడి ప్రభుత్వ సముద్ర విజ్ఞాన సంస్థ దాదాపు 40 ఏళ్లుగా కొలుస్తోంది. పడవ వెనక తాడుకు పలక కట్టి, దాన్ని పట్టుకుని డైవరు దిబ్బ చుట్టూ తిరుగుతూ, రెండేసి నిమిషాలకొకసారి ఆగి రాసుకుంటాడు. ఆ ఫలితాలు ఏటా ప్రకటిస్తారు. 2022లో రెండు ప్రాంతాల్లో పగడం రికార్డు స్థాయిలో పెరిగిందని చెప్పారు. 2025లో రెండు ప్రాంతాల్లో ఎన్నడూ లేనంతగా ఒక్క ఏడాదిలో పడిపోయిందనీ చెప్పారు. లక్షల మంది పర్యాటకుల మీద ఆధారపడ్డ చోట అది ప్రభుత్వానికి ఇష్టమైన వార్త కాదు. అయినా ప్రకటించారు. మన దగ్గరా అలాంటి పని చేసినవాళ్లు ఉన్నారు. లక్షద్వీప్‌లో 1998 నుంచి 24 ఏళ్ల పాటు అవే దిబ్బల్ని మళ్లీ మళ్లీ కొలిచిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు బతికున్న పగడం సుమారు 37 శాతం నుంచి దాదాపు 20 శాతానికి వచ్చిందని తేల్చారు. అది అందరికీ అందుబాటులో ఉన్న అధ్యయనం. ఎవరైనా తప్పు పట్టవచ్చు. గలతియా లెక్కను తప్పు పట్టే వీలు ఎవరికీ లేదు, ఎందుకంటే ఆ లెక్కే కనిపించదు.

మా భయమంతా ఇక్కడ మొదలయ్యే ఆనవాయితీ గురించే. ముంబై కోస్టల్ రోడ్డు కోసం వర్లీ, హాజీ అలీ దగ్గరి పగడాల్ని తరలించినప్పుడు అవి పద్దెనిమిది కాలనీలు. అది ఉదాహరణ అయింది. ఇప్పుడు పదహారు వేలు. రేపు ఎన్నో తెలియదు. ‘పగడం అడ్డొస్తే తరలిద్దాం’ అనడం మామూలైంది. ‘పగడమే లేదని రాసి, ఆ రాతను దాచేద్దాం’ అనడమూ మామూలైతే ఇక ఏ తీరానికీ రక్షణ ఉండదు. దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఉన్నంత రక్షణ వాటికి ఉంది. పులి ఉన్న అడవిలో పులి లేదని రహస్యంగా రాసుకుని రోడ్డు వేస్తే ఒప్పుకుంటామా?

ఇది మనకు దూరం అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసపోయి అక్కడి సముద్రం మీద వేటాడి బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దిబ్బ పోతే చేపపిల్ల పెరిగే చోటు పోతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇటు మన తీరంలోనూ మూలపేట నుంచి రామాయపట్నం దాకా కొత్త రేవులు వస్తున్నాయి. పగడాన్ని కాపాడే సీఆర్‌జెడ్-1ఏ నిబంధనే కోరంగి మడ అడవుల్నీ కాపాడుతోంది. నికోబార్‌లో ఆ గీతను తలుపులు మూసుకుని జరపగలిగినవాళ్లు గోదావరి ముఖద్వారంలో జరపలేరా? నేడు పగడానికి జరిగింది రేపు మడకు జరగదని ఎవరు హామీ ఇస్తారు?

పర్యావరణ శాఖ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. గలతియాలో ఎన్ని టేపులు వేశారో, ఏ తేదీల్లో, ఏ లోతుల్లో, ఎక్కడెక్కడ వేశారో, ఒక్కోదాని కింద ఏమేం కనిపించాయో, తీసిన ఫొటోలతో సహా వెబ్‌సైట్లో పెట్టాలి. 2022 మ్యాపునూ తర్వాతి మ్యాపునూ పక్కపక్కన పెట్టాలి. రేవు గోడలు, రన్‌వే తాలూకు రక్షణ వివరాలు దాచుకుంటే దాచుకోవచ్చు, వాటిని ఎవరూ అడగడం లేదు. ప్రాజెక్టుతో సంబంధం లేని విశ్వవిద్యాలయాల వాళ్లను మరో రెండు సీజన్లు నీళ్లలోకి దిగి కొలవనివ్వాలి. అంతవరకు అఖాతంలోకి అడుగు తవ్వే డ్రెడ్జర్ ఒక్కటి కూడా దిగకూడదు.

ఈ శాఖ పేరులో పర్యావరణం ఉంది, అడవి ఉంది, వాతావరణ మార్పు ఉంది. మూడింటినీ కాపాడతామని జీతం తీసుకుంటూ సొంత మ్యాపు ఎందుకు మారిందో చెప్పడానికి వెనకాడుతోంది. ట్రైబ్యునల్‌లో గెలిచామన్న ధీమాతో కూర్చోవడం కుదరదు. ఆ 20,668 అంకె రాసిందీ మీరే, ఇప్పుడు దిబ్బ లేదంటున్నదీ మీరే. రెండింట్లో ఏది నిజమో కాగితం పెట్టి చెప్పండి.