వెయ్యి వెనక దాక్కున్న 24 గారికి

మహారాజశ్రీ 24 గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమంగా లేం. మా బావగారి బస్సు వెళ్లిపోయింది.

నాన్నగారి షష్టిపూర్తి వీడియోల ఫోల్డరు 60 జీబీ. మా ఇంటి నెట్టు 100 ఎంబీపీఎస్. "ఎంతసేపు పడుతుందోయ్?" అని అడిగారు బావగారు. ఇంకొకరైతే వందతో భాగించి పది నిమిషాలు అనేవారు. చిన్న బీ, పెద్ద బీ తిరకాసు నాకు ముందే తెలుసండీ. నెట్టువాళ్లు చెప్పేది బిట్లు, మనం దించుకునేది బైట్లు. ఎనిమిది బిట్లయితేనే ఒక బైటు. అంటే సెకనుకు వచ్చేది 12.5 మెగాబైట్లు. 60 జీబీ అంటే అరవై వేల మెగాబైట్లు, దాంతో భాగిస్తే 4,800 సెకన్లు. "సరిగ్గా ఎనభై నిమిషాలు" అన్నాను. ఆ "సరిగ్గా" ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు. టైము కలిసొస్తుందని నేరుగా ఆయన తెచ్చిన 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకే దించడం మొదలుపెట్టాను.

రెండింటికి మొదలైంది. మూడున్నరకి బస్సు. మూడూ ఇరవైకి బావగారు చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. స్క్రీను మీద 88 శాతం!

అప్పుడు గుర్తొచ్చారండీ తమరు. నెట్టు స్పీడు లెక్కలో కిలో అంటే వెయ్యే. అందులో తమరికి చోటు లేదు. నా కంప్యూటరుకి మాత్రం కిలో అంటే 1024, మెగా అంటే దాన్ని మళ్లీ 1024 రెట్లు, గిగా అంటే ఇంకోసారి. చేసేది ఆ లెక్క, పక్కన రాసేది మాత్రం అదే జీబీ! నేను 6,000 కోట్ల బైట్లనుకున్న ఫోల్డరు నిజానికి 6,442 కోట్లు. ఇదే 442 కోట్లు రూపాయల్లో తేడా వచ్చి ఉంటే టీవీల్లో వారం రోజులు చర్చ నడిచేది. బైట్లు కాబట్టి ఎవరికీ పట్టలేదు. సెకనుకి కోటీ పాతిక లక్షల చొప్పున అవి దిగడానికి దగ్గర దగ్గర ఆరు నిమిషాలు. ఆ పైన ఇంకో నాలుగున్నర నిమిషాలు, ఫైళ్లను ముక్కలు చేసి పంపే ప్యాకెట్ల మీద అంటించే అడ్రసు చీటీల ఖర్చు. దానికి నేనేమీ అనను, ఉత్తరానికి స్టాంపు ఉండాలి. కానీ ఆ ఆరు నిమిషాలు నీవి.

అవును, ఏకవచనంలోకి దిగాను. కొలిచేటప్పుడు ఒక మానిక, చెప్పేటప్పుడు ఇంకో మానిక పెట్టే కొట్టువాణ్ణి మా నాయనమ్మ కూడా "గారు" అనేది కాదు. వెయ్యికి 24 అంటే చూడ్డానికి కొసరంత. కిలోలో 2.4 శాతం, పోనీలే అంటాం. మెగాకి వచ్చేసరికి 4.9, గిగాకి 7.4, టెరాకి దాదాపు 10. కొసరు కాదిది, చక్రవడ్డీ. ఒక టెరాబైటు హార్డ్‌డిస్కు కొని ఇంటికి తెచ్చాక 931 చూపిస్తే దుకాణంవాడితో గొడవపడి వచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 1.44 ఎంబీ ఫ్లాపీ అయితే మరీ ఘోరం. దానిలో మెగా అంటే వెయ్యి సార్లు 1024. పుల్లయ్య మాటా కాదు, ఎల్లయ్య మాటా కాదు.

నీకు వేరే పేరు పెట్టలేదా అంటే పెట్టారు. 1998లోనే అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వాళ్లు కిబీ, మెబీ, గిబీ అని బారసాల చేశారు. మా ఇంట్లో "మెబీబైటు" అన్నానా, "మేబీ ఏంటి, కచ్చితంగా చెప్పు" అంటారు.

ర్యామ్‌లో, అంటే కంప్యూటరు పని చేసేటప్పుడు వాడుకునే మెమరీలో, నీ అవసరం ఉందని ఒప్పుకుంటాను. అక్కడ అడ్రసు తీగ ఒకటి పెరిగితే గదులు రెట్టింపవుతాయి, పది తీగలకు 1024 గదులు. నీ పుట్టిల్లు అది. అక్కడే ఉండొచ్చుగా? మా బావగారి సంచిలోకి ఎందుకు దూరావు?

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మూడున్నరకి, బస్సు పోయిన నిమిషానికే, 99 శాతం దగ్గర చివరి ఫైలు ఆగిపోయింది. పెన్‌డ్రైవ్‌లో చోటు చాలదట. డబ్బా మీద 64 అన్నది నువ్వు లేని 64. లోపల చూస్తే 59.6. వెయ్యి చొప్పున అమ్మారు, 1024 చొప్పున నింపమన్నారు.

బావగారు ఏమీ అనలేదు. చెప్పులు విప్పి, "ఇంజనీరింగ్ ఎక్కడ చదివావోయ్?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం వెళ్లి 128 జీబీది కొనుక్కొచ్చాను. పెట్టగానే 119 అంది. స్క్రీను అటు తిప్పేశాను.

ఇట్లు,
సరిగ్గా అన్నవాడు