పిల్లల సినిమాకి హాల్లో లైట్లు ఆర్పండి

ఈసారి అమెరికాలోని మన తెలుగు సంఘం ఉగాది ఫ్లయర్‌లో యువతరానికి షార్ట్ ఫిల్ముల పోటీ అని వేశారు. బహుమతి వచ్చిన సినిమాని వేదిక మీద చూపిస్తామన్నారు. చూపించారు కూడా. పంచాంగ శ్రవణం అయ్యాక, ముఖ్య అతిథి హీరోగారు స్టేజీ ఎక్కేలోపు దొరికిన సందులో! హాల్లో లైట్లు ఆర్పలేదు. సౌండ్ డీజే కోసం పెట్టింది పెట్టినట్టే ఉంది, ఒక్క మాటా సరిగ్గా వినపడలేదు. వెనక భోజనాల లైను కదులుతూనే ఉంది. 12 నిమిషాల సినిమా నాలుగో నిమిషంలో ఆగిపోయింది. "సమయాభావం వల్ల" అని యాంకర్ మైకులో అనడం, రాఫిల్ (లక్కీ డ్రా) నంబర్లు చదవడం వెంటవెంటనే జరిగిపోయాయి.

ఆ సినిమా తీసిన అమ్మాయి మా వీధిలోనే ఉంటుంది. ఆరు నెలలుందామని వచ్చిన తాతగారి కథ అది. అందరూ ఆఫీసులకీ స్కూళ్లకీ వెళ్లాక ఆయన గరాజ్ తలుపు తెరిచి, కుర్చీ వేసుకుని, వీధిలో మనిషన్నవాడు కనిపిస్తాడేమోనని చూస్తూ కూర్చుంటాడు. మాటలు బాగా తక్కువ. కుక్కర్ కూత, డ్రయ్యర్ చప్పుడు, దూరంగా స్కూల్ బస్సు... అన్నీ విడివిడిగా రికార్డు చేసి పేర్చుకుంది ఆ పిల్ల. చివర్లో ఆయన ఊరికి ఫోన్ చేసి, పెరట్లో కుక్క మొరుగుతుంటే వినిపించమంటాడు. అదేదీ మనం వినలేదు.

నా బాధకి ఇంకో కారణం ఉంది. మాది రాజమండ్రి. గోదావరి గట్టున షూటింగ్ అంటే బడి ఎగ్గొట్టి పరిగెత్తేదాన్ని. జనమంతా హీరోయిన్ని చూస్తుంటే, నేను ప్యాడ్ పట్టుకుని తిరిగే అసిస్టెంట్ డైరెక్టర్ని చూసేదాన్ని. ఓసారి ఆమె బిందెతో రేవు మెట్లు దిగే సీను పొద్దున్నుంచీ తీస్తున్నారు. ఎండ జరిగినప్పుడల్లా కుర్రాళ్లు రిఫ్లెక్టర్లు తిప్పుతున్నారు. మబ్బు పడితే యూనిట్ మొత్తం ఆకాశంలోకి చూస్తూ కూర్చోవడమే. భోజనాలయ్యాక అంతా రెడీ అన్నాక ఆ అసిస్టెంట్ పరుగున వెళ్లి, ఆమె ఎడమ చంకలో బిందెని కుడి చంకకి మార్పించాడు. ముందు షాట్‌లో కుడివైపే ఉందట. కంటిన్యుటీ అన్న మాట ఆ రోజే విన్నాను. ఇంత చిన్న విషయాన్ని కూడా ఒక మనిషి గుర్తుపెట్టుకుంటాడని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డైరెక్టర్ని అవుతానని నాన్నకి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "ముందు ఇంజనీరింగ్ అవనీ తల్లీ" అన్నారు. గుమాస్తా జీతంతో ఇల్లు నడిపే మనిషి అంతకంటే ఏమనగలరు? భానుమతిగారు 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారని అప్పట్లో తెలిసుంటే ఆ మాటైనా అని చూసేదాన్ని. తర్వాత ఈ దేశం, టెస్టింగ్ ఉద్యోగం. పిల్లలు పడుకున్నాక ఇప్పటికీ స్క్రిప్టు రాసుకుంటాను. తీసి తీరతాను.

కార్యవర్గం కష్టం నాకు తెలుసు. హీరో వస్తేనే టికెట్లు తెగుతాయి, స్పాన్సర్లు లేనిదే హాలు అద్దె కట్టలేం. తల్లిదండ్రుల భయమూ ఉత్తిది కాదు. హెచ్4 మీద, అంటే హెచ్1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లలకి 21 నిండితే ఆ హోదా పోతుంది. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి కాచుకున్న ఇంట్లో ఫిల్మ్ స్కూల్ మాటెత్తితే గుండె ఝల్లుమనదా? నేనూ తల్లినే.

కానీ ప్రీమియర్ షోలో కాగితాలు చింపి ఎగరేసేది మనమే కదా! శేఖర్ కమ్ముల ఇక్కడి హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదివి వెళ్లారు. మొదటి సినిమా 'డాలర్ డ్రీమ్స్'కే జాతీయ అవార్డు అందుకున్నారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మించిన పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. అందులో నటించినవాళ్లు చాలామంది ఆ కంచరపాలెం జనమే. ఇలాంటివాళ్లు పేరు తెచ్చుకున్నాక పిలిచి శాలువా కప్పడం మనకి బాగా వచ్చు. ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకి మాత్రం నాలుగు నిమిషాలు!

దీపావళికి ఇంకా టైముంది. ఆ వారంలో పిల్లల సినిమాలకి విడిగా ఒక మధ్యాహ్నం కేటాయించండి. లైబ్రరీలో మీటింగ్ రూము, మంచి స్పీకర్లు, కిటికీలకి నల్లగుడ్డ ఉంటే చాలు. ప్రతి సినిమా ఆఖరి పేరు పడేదాకా వేయాలి. తర్వాత తీసినవాళ్లని ముందుకి పిలిచి, ఎలా తీశారో అడుగుదాం. ముఖ్య అతిథిగా వచ్చే సినిమావారిని ఆ గంటసేపు పిల్లలతో కూర్చోమని అడగండి, ఆయనకీ సంతోషంగానే ఉంటుంది. ప్రొజెక్టరు నేను తెస్తాను. కుర్చీలు వేయడానికి మావారూ వస్తానన్నారు. వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఈ విషయం చేర్చమని అధ్యక్షులవారిని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.