పొలమారిన పూట

(భోజనాల వేళ. గుత్తి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని చెబుతూ చెబుతూనే, రిటైరైన జీవశాస్త్రం మాస్టారు విశ్వనాథం గారికి పొలమారింది. భార్య సుబ్బలక్ష్మి ఆయన నడినెత్తిన గట్టిగా తడుతున్నది.)

సుబ్బలక్ష్మి: ఎవరో తలచుకుంటున్నారండీ. మా అన్నయ్యే అయి ఉంటాడు. మీరు తీసుకున్న అప్పు ఆయనకు సరిగ్గా భోజనాల వేళకే గుర్తుకు వస్తుంది.

విశ్వనాథం: మీ అన్నయ్యకూ నా దగ్గుకూ సంబంధం లేదు. గొంతు వెనుక గ్రసని అనే చోట గాలికీ అన్నానికీ దారి ఒక్కటే. ఆ తరువాత స్వరపేటిక, వాయునాళం ముందువైపుకూ, ఆహారవాహిక వెనుకవైపుకూ విడిపోతాయి. ముద్ద మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, స్వరతంత్రులు దగ్గరికి మూసుకుంటాయి, ఉపజిహ్విక వంగి ఆ ద్వారాన్ని కప్పుతుంది. ఆ క్షణంపాటు ఊపిరి కూడా ఆగుతుంది. నేను మధ్యలో మాట్లాడబోవడం వల్ల ఒక మెతుకు దారి తప్పింది. దానిని దగ్గు బయటికి తెస్తుంది గానీ నీ మొట్టికాయలు తేలేవు.

సుబ్బలక్ష్మి: ఉపజిహ్విక అంటే కొండనాలుకే కదా?

విశ్వనాథం: కాదు! కొండనాలుక అంగిలి చివర వేలాడుతూ, మింగేటప్పుడు మెత్తని అంగిలితోపాటు లేచి, అన్నం ముక్కులోకి పోకుండా చూస్తుంది. ఉపజిహ్విక నాలుక మొదట్లో, ఇంకా లోపల ఉంటుంది. ఇన్నేళ్లు నాతో కాపురం చేసి ఈపాటి తెలియదా?

సుబ్బలక్ష్మి: మీ గొంతులోకి తొంగి చూడడానికా నేను కాపురానికి వచ్చింది? అయినా మా ఊరి మేస్త్రీ కూడా మంచినీళ్ల గొట్టాన్నీ పొగగొట్టాన్నీ ఒకచోట కలిపి కట్టడు కదండీ.

విశ్వనాథం: అలా కలిసి ఉండబట్టే, జలుబుతో ముక్కు దిబ్బడ వేసినా నువ్వు నోటితో ఊపిరి పీల్చుకుంటూ నన్ను సాధించగలుగుతున్నావు. ఇక ఆహారవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద అందులో ఊరికే జారిపడదు. కండరాలు వరుసగా ముడుచుకుంటూ దానిని నెట్టుకుపోతాయి కాబట్టి, మనిషి తలకిందులుగా వేలాడినా అన్నం కడుపుకే చేరుతుంది.

సుబ్బలక్ష్మి: తలకిందులుగా వేలాడినా మీరు వంకాయకు వంక పెట్టడం మానరు. సరే, మింగేటప్పుడు ఊపిరి ఆగుతుందన్నారు. మరి మాట వస్తుందా?

విశ్వనాథం: రాదు. గాలి స్వరతంత్రులను కదిలిస్తేనే మాట పుడుతుంది. మింగడమూ మాట్లాడడమూ ఏకకాలంలో అసాధ్యం.

సుబ్బలక్ష్మి: వడ్డించినప్పటి నుంచీ ఉప్పు ఎక్కువైందని ఎడతెరిపి లేకుండా అంటూనే ఉన్నారు. మరి ఈ గిన్నెడు వంకాయలనూ ఎవరు మింగినట్లు?

విశ్వనాథం: (ఖాళీ గిన్నెలోకి చూసి) మాటకూ మాటకూ నడుమ ఒక్కొక్క క్షణం ఉంటుంది కదా. ఆ క్షణాలన్నీ కలిపితే ఒక గిన్నెడు అవుతాయి.