సీతమ్మధారలో నీలి నయాగరా

టూర్ మేనేజరు నయాగరాకి గంటన్నరా, పక్కనున్న ఔట్‌లెట్ మాల్‌కి మూడు గంటలూ ఇచ్చాడు. జలపాతం మీద కమీషన్ రాదు కాబోలు. ఆ గంటన్నరలోనే లైను, లిఫ్టు, మళ్లీ లైను. అక్కడ పొద్దున్న పదకొండు, వైజాగ్‌లో రాత్రి ఎనిమిదిన్నర. సీతమ్మధారలో మా హాల్లో సగం అపార్ట్‌మెంటు జంతికలు నములుతూ టీవీ ముందు కూర్చుంది. మావాడు నా వీడియో కాల్‌ని టీవీకి కలిపాడు మరి.

పడవ ఎక్కేవాళ్లకి నీలం ప్లాస్టిక్ కోట్లు ఇస్తారు. అవతల కెనడా ఒడ్డున ఎక్కేవాళ్లకైతే ఎర్రవి. "ఫోన్లు లోపల పెట్టండి, తడిస్తే మాకు సంబంధం లేదు!" అని మేనేజరు గొంతు చించుకోవడంతో నా మెడలో వేలాడే ఫోను కోటు కిందికి పోయింది. కాల్ మాత్రం నడుస్తూనే ఉంది.

57 మీటర్ల ఎత్తు నుంచి పడే హార్స్‌షూ ఫాల్స్ కింద నేను కళ్లు తెరవలేక "సింహాద్రి అప్పన్నా" అంటుంటే, మా హాల్లో తెర నిండా నీలం. నీలం కదులుతోంది, హోరు వినిపిస్తోంది, ఇంకెవరికి అనుమానం వస్తుంది? మా అమ్మ దణ్ణం పెట్టుకుందట. కోటు మడత పడినప్పుడల్లా "అదిగో అల" అన్నారట. ఫోను తిరగబడి నా చొక్కా గుండీ కనబడితే, అది బండరాయట. పై ఫ్లోరు పిన్నిగారు "మన బీచ్‌లో ఈ నీలం ఎప్పుడైనా చూశామా" అని నిట్టూర్చారట. సెక్రటరీగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. నీళ్ల గురించి ఎవరికే సందేహమొచ్చినా తీర్పు ఆయనదే. "లోతెక్కువున్న చోట అంతే" అని తేల్చేశారట. వాచ్‌మన్ ఒక్కడే "ఇది రెయిన్‌కోటు లాగుంది బాబూ" అన్నాడట. "నీకేటి తెలుసు, వెళ్లి మోటారు ఆపు" అని కింద ఫ్లోరుకి పంపేశారట.

తిరిగొచ్చాక అసలు ఫొటోలు చూపించాను. ఖనిజాలూ సన్నటి రాతిపొడీ కలిసి అక్కడి నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. సెక్రటరీగారు కళ్లజోడు సర్దుకుని, "మేం లైవ్‌లో చూశాం కదండీ, ఇవి బొర్రా దగ్గర కటికి జలపాతం ఫొటోలు కలిసిపోయాయేమో చూసుకోండి" అన్నారు. వీసా, టిక్కెట్లు, లక్షలు పోసి వెళ్లింది నేను!

ఇప్పుడు మావాడు రికార్డు చేసిన ఆ ఇరవై నిమిషాల నీలాన్ని వినాయక చవితి పందిట్లో పెద్ద తెర మీద వేస్తారట. తెర అద్దె నా మెయింటెనెన్సు బిల్లులో కలిపారు.