బ్రష్షు నిండా పేస్టు ఎందుకు?

టూత్‌పేస్టు ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలా పేస్టు పరిచి చూపిస్తారు. పెద్దవాళ్లకు బఠాణీ గింజంత చాలు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకూ అంతకు మించకూడదు. మూడేళ్లలోపు వాళ్లకైతే బియ్యపు గింజంత. పళ్లను పుచ్చకుండా కాపాడేది నురగ కాదు, ఫ్లోరైడ్. చిన్నపిల్లలు పేస్టు మింగేస్తారు. ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళితే తర్వాత వచ్చే శాశ్వత దంతాలపై మచ్చలు పడతాయి. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల కష్టం ఎరిగిన మనకు ఈ మాట ఇంకొకరు చెప్పాలా?

ఇక ట్యూబు. పాత అల్యూమినియం ట్యూబును అడుగు నుంచి చుట్టుకుంటూ వస్తే అలాగే నిలిచేది. ఇప్పటి ప్లాస్టిక్ పొరల ట్యూబు చుట్టిన మరుక్షణమే విప్పుకుంటుంది. అయిపోయిందని పారేసే ముందు కత్తెరతో కోసి చూడండి, గోడలకు ఎంత అంటుకుని ఉంటుందో! మా ఇంట్లో మధ్యకు కోసి, ఒక ముక్కను రెండోదానికి మూతలా తొడిగి చివరిదాకా వాడతాం. దీన్ని పిసినారితనమని నవ్వేవాళ్లంటే నాకు మరీ కోపం. డబ్బు పెట్టి కొన్నది చెత్తబుట్టలో వేయడం గొప్పతనమా?

బ్రష్షు దగ్గర మాత్రం పొదుపు వద్దు. మూడు నాలుగు నెలలకు మార్చాల్సిందే, కుచ్చు విచ్చుకుంటే ఇంకా ముందే. తడి బ్రష్షుకు మూత బిగించకుండా నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. బలమంతా పెట్టి రుద్దితే కుచ్చు త్వరగా పాడవుతుంది, చిగుళ్లూ దెబ్బతింటాయి. పేస్టును దోసిళ్లతో పారబోస్తూ, అరిగిన బ్రష్షును ఏడాది పాటు లాగే ఇళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.