ఆటలో అరటిపండు అనుకున్నారా నన్ను?

రాత్రి ఒంటిగంట దాటింది. డోటా 2 అనే కంప్యూటర్ ఆట 52 నిమిషాలు ఆడాక మా ఏన్షెంట్ (మేం కాపాడుకోవాల్సిన కట్టడం) కూలిపోతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాను. అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో మా బావ గొంతు: "ఒరేయ్, నువ్వు సరిగ్గా వార్డులు వేసుంటే గెలిచేవాళ్ళం రా."

వార్డులు! (మ్యాప్‌లో అక్కడక్కడా పాతితే చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూపించే కళ్ళ లాంటివి.) నన్నా ఆ మాట అనేది! ఆ మ్యాచ్ మొత్తం మీద మా టీమ్‌లో వార్డులు వేసింది నేనొక్కణ్ణే. మిగతా నలుగురూ కలిసి వేసినవి సున్నా. ఆట అయిపోయాక లెక్కంతా స్క్రీన్ మీదే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. చూడరు. చూసేది ఒక్కటే, ఎవడెంతమందిని చంపాడు. నేను 2, వాడు 9. అంటే వాడు అర్జునుడు, నేను రథం తోలేవాణ్ణి. (ఆ రథం తోలింది ఎవరో మా బావకి గుర్తున్నట్టు లేదు.) ఆ 9 పక్కనే 14 సార్లు చచ్చాడని కూడా రాసుంది. అది మాత్రం కనపడదు.

నా ఫ్రెండ్స్‌లో డోటా 2 ఆడనివాళ్ళు కొందరున్నారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తా. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. మధ్యలో మూడు దారులు, దారి పొడుగునా టవర్లు, చివర్లో ఏన్షెంట్ అనే కట్టడం. ఎవరిది ముందు కూలితే వాళ్ళు ఓడినట్టు. అంతే. ఎదుటివాణ్ణి వందసార్లు చంపినా కట్టడం కూల్చకపోతే గెలుపు లేదు. ఈ ఒక్క వాక్యం మా బావకి మూడు వారాలుగా చెప్తున్నాను. గోడకి చెప్పినా ఈపాటికి ఓ టవర్ కొట్టేది.

అయిదుగురికీ నంబర్లుంటాయి, గోల్డ్ (ఆటలో సంపాదించే డబ్బు) మీద ఎవరికి ముందు హక్కు అనేదాన్ని బట్టి. ఒకటో నంబర్ క్యారీ, అంటే ఆ గోల్డ్‌తో బలం పెంచుకుని టీమ్‌ని గెలిపించాల్సినవాడు. అయిదో నంబర్ సపోర్ట్, అంటే నేను. పెళ్ళిలో చివరి బంతి లాంటిది మా బతుకు. మేం కూర్చునేసరికి గారెలు అయిపోతాయి, సాంబారు బకెట్‌లో అడుగున ముక్కలుంటాయి, వడ్డించేవాళ్ళు కూడా చేతులు కడుక్కుంటుంటారు. ఆ దొరికిన చిల్లరతోనే అందరి కోసం సెంట్రీలు (మాయమై తిరిగేవాళ్ళని పట్టించే వార్డులు) కొనాలి, స్మోక్ (శత్రువు కంటపడకుండా కదలడానికి పొగ) కొనాలి, ముందుగా చావాలి కూడా.

ఇక నిన్నటి సంగతి. హీరోలని ఎంచుకునే దగ్గరే అర్థమైపోయింది నాకు. ఒకడు జగ్గర్‌నాట్, ఒకడు ఫాంటమ్ అసాసిన్, ఒకడు మిడ్‌లో (మధ్య దారిలో) పడ్జ్, మా బావ స్నైపర్. అందరికీ గోల్డ్ కావాలి, అందరూ పెళ్ళికొడుకులే. 120కి పైగా హీరోలున్న ఆటలో సపోర్ట్ ఒక్కడికీ కనపడలేదు. "బావా, నువ్వు కొత్త కదా, ముందు సపోర్ట్ ఆడు, మ్యాప్ అర్థమవుతుంది" అన్నాను. "నాకు తెలుసులేరా, మొబైల్ లెజెండ్స్ ఎంత ఆడానో" అన్నాడు. అది ఫోన్‌లో ఆడే ఇలాంటి ఆటే. 2020 జూన్‌లో మన దేశంలో బ్యాన్ అయిన 59 యాప్‌లలో అదీ ఒకటి, ఈయన గారి అనుభవం మాత్రం ఇంకా బ్యాన్ కాలేదు. సరే అని నేనే క్రిస్టల్ మెయిడెన్ తీసుకున్నా. చలికి కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచే ఆ అమ్మాయిని తీసుకుంటే అర్థం ఏంటో తెలుసుగా? ఎవడు తరిమినా తప్పించుకోలేదు. టీమ్‌కి మ్యానా (మంత్రాలు వెయ్యడానికి కావాల్సిన శక్తి) ఇస్తుంది, ఎదుటివాణ్ణి మంచులో బిగించి నిలబెడుతుంది, చచ్చిపోతుంది.

మొదటి పది నిమిషాలు నాదీ, క్యారీగా దిగిన మా బావదీ ఒకటే లేన్, అంటే ఒకటే దారి. మన క్రీప్స్‌ని (దారి వెంట వాటంతటవే నడిచే చిన్న సైనికుల్ని) పక్కనున్న అడవి జంతువుల గుంపు వైపు లాగితే పోరు మన టవర్ దగ్గరే ఉంటుంది, క్యారీ భయం లేకుండా లాస్ట్ హిట్లు (గోల్డ్ తెచ్చే చివరి దెబ్బలు) కొట్టుకుంటాడు. వాడి కోసమే లాగాను. "ఒరేయ్, నా క్రీప్స్‌ని ఎక్కడికి తోలుకుపోతున్నావ్ రా, దొంగా!" అని అరిచాడు. దొంగట నేను.

తర్వాత రికీ కథ. అటువైపు రికీ ఉన్నాడు. వాడు కంటికి కనపడడు, పొగ వదిలి వెనక నుంచి పొడుస్తాడు. మామూలు వార్డు చుట్టుపక్కల మ్యాప్ చూపిస్తుంది గానీ ఇలాంటివాణ్ణి చూపించదు. దానికి సెంట్రీ వెయ్యాలి, లేకపోతే డస్ట్ చల్లాలి. సెంట్రీలు నేను వేస్తూనే ఉన్నాను, ఒక్కోటి 50 గోల్డ్. కానీ ఈయన సెంట్రీ ఉన్నచోట నిలబడడు కదా. నది దాటి, ఎవరూ లేని వాళ్ళ అడవిలోకి ఒంటరిగా వెళ్తాడు, పొడిపించుకుంటాడు, "సెంట్రీ ఏది?" అంటాడు. డస్ట్ ఖరీదు 80 గోల్డ్. అప్పుడు వాడి జేబులో ఎంతుందో తెలుసా? 3,100. నేను కళ్ళారా చూశాను. ఏదో పెద్ద ఐటెం కోసం దాచుకుంటున్నాడట. అరవై వేల ఫోన్ కొని, నూట యాభై రూపాయల కవర్ కొననివాళ్ళుంటారు చూడండి, ఆ బాపతు. కవర్ మనల్ని కొనమంటారు. పగిలితే మనల్నే తిడతారు.

అన్నట్టు, ఇప్పుడు చాలా నయం. 2019 చివరి దాకా టీమ్ మొత్తానికీ ఒకే కొరియర్. సామాన్లు మోసే గాడిద అన్నమాట. దాన్ని కొనే బాధ్యతా ఎక్కువగా సపోర్ట్ మీదే పడేది. గాడిదని కొనేది మేము, వాడుకునేది వాళ్ళు, ఎవడో తీసుకెళ్ళి శత్రువు ముందు చంపించుకుంటే తిట్లు మాకు. ఇప్పుడు ఎవడి గాడిద వాడికుంది. గాడిద చాకిరీ మాత్రం ఇంకా మాదే.

అసలు గెలిచే మ్యాచ్ అది. అదీ నా కడుపుమంట. 31వ నిమిషంలో రోషన్ అనే పెద్ద రాక్షసుడి గుహ దగ్గర పెద్ద గొడవ జరిగింది. అంతకుముందే నేను వేసిన వార్డులో వాళ్ళు వస్తున్నట్టు కనపడింది, అందరికీ చెప్పాను. నా అల్టిమేట్, అంటే నా అతిపెద్ద మంత్రమైన మంచు తుఫాన్, మొదలుపెట్టి ఉన్నచోటే నిలబడిపోయాను. నేను పోయాను, పోతే పోయాను, వాళ్ళల్లో నలుగురు పోయారు. దాదాపు నిమిషం దాకా లేవరు. మిడ్ దారి తెరిచి ఉంది. నేరుగా వెళ్తే టవర్, దాని వెనక బ్యారక్స్ (వాళ్ళ సైనికుల స్థావరం). నేను చచ్చి పడున్నాను కాబట్టి నా స్క్రీన్ మీద మ్యాప్ అంతా తీరిగ్గా చూడొచ్చు. జగ్గర్‌నాట్ వెళ్తున్నాడు. పడ్జ్ కూడా వెళ్తున్నాడు. మా స్నైపర్ ఏడి? దూరం నుంచి టవర్‌ని కొట్టడమే వాడి పని, వాడేడి? అడవిలో ఉన్నాడు. కోతుల్లాంటి చిన్న చిన్న జంతువుల్ని కాలుస్తున్నాడు. "బావా, టవర్!" అన్నాను. "ఉండరా, ఇంకో 400 వస్తే ఐటెం అయిపోతుంది." ఆ 400 వచ్చేసరికి ఆ నలుగురూ లేచి నిలబడ్డారు. టవర్ దగ్గరున్న మావాళ్ళిద్దరూ పోయారు.

అదీ వార్డులు లేక ఓడిపోవడం.

సపోర్ట్ అంటే చేతకానివాడు ఆడేది అనుకుంటారు కదా. 2018లో వాంకూవర్‌లో, 2019లో షాంఘైలో వరసగా రెండుసార్లు డోటా 2లో అతిపెద్ద టోర్నమెంట్ ఇంటర్నేషనల్ గెలిచిన ఓజీ టీమ్ కెప్టెన్ నోటెయిల్ ఏ పొజిషన్ ఆడాడు? అయిదు. ఈ సపోర్ట్ గారు ఈస్పోర్ట్స్ ప్రైజ్ మనీలో 70 లక్షల డాలర్లు దాటి సంపాదించాడు. ఇది చెప్తే బావ ఏమన్నాడంటే, "అతనైతే వేరు, నువ్వు వేరు." అవును, వేరే. అతనికి టవర్ కొట్టే క్యారీ ఉన్నాడు. (2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈస్పోర్ట్స్‌లో మన ఇండియా డోటా 2లో కాంస్యం తెచ్చిందని ఓసారి ఇంట్లో చెప్తే, మా నాన్న పేపర్ మడిచి "అదీ ఆటేనా?" అన్నారు. ఆ బాధ ఇంకోసారి.)

ఇంతకీ ఇది నిన్న మొదలైంది కాదు. చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. బ్యాట్ మా బావది. కాబట్టి మొదటి బ్యాటింగ్ వాడిది. ఔటైతే "ట్రయల్ బాల్" అనేవాడు. రెండోసారి ఔటైతే బ్యాట్ చంకలో పెట్టుకుని ఇంటికి పోతాననేవాడు. నన్నేమో "ఒరేయ్, నువ్వు అరటిపండురా" అని మురుగుకాలవ పక్కన నిలబెట్టేవాళ్ళు. నేను ఔటైనా లెక్కలేదు, క్యాచ్ పట్టినా లెక్కలేదు. బాల్ కాలవలో పడితే మాత్రం నేనే కావాలి. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసి, కుళాయి కింద కడిగి, నిక్కరుకి తుడిచి ఇస్తే, "త్వరగా వెయ్ రా" అనేవాడు. థాంక్స్ కూడా కాదు. మూడు వేసవులు! ఇప్పుడు ఆ కాలవ బదులు వార్డులు, అంతే తేడా. కనీసం ఇక్కడ బ్యాట్ వాడిది కాదు. ఆటే ఫ్రీ. అయినా మొదటి బ్యాటింగ్ వాడికే ఎలా వెళ్తోంది? ఎవడిచ్చాడు? నేనే ఇచ్చానా?

ఇంతటితో అయిందా అంటే, పొద్దున లేచి చూస్తే ఫ్యామిలీ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్. కింద బావ రాసింది: "బామ్మర్ది పుణ్యమా అని ఓడిపోయాం." డోటా అంటే ఏంటో తెలియని మా అత్తయ్య దానికి నవ్వుతున్న బొమ్మలు మూడు పెట్టి, "పోనీలే నాన్నా, వాడు చిన్నవాడు కదా" అని రాసింది. నాకు 29 ఏళ్ళు. పెదనాన్న బొటనవేలు పెట్టారు. మా అమ్మ కూడా బొటనవేలు పెట్టింది. అమ్మా!

స్క్రీన్‌షాట్‌లో చావుల లెక్క కనపడకుండా కత్తిరించి పెట్టాడండోయ్. అంత ఓపిక ఉన్నవాడు 80 పెట్టి డస్ట్ కొనడానికేం?

ఇది టైప్ చేస్తుండగానే మెసేజ్ వచ్చింది. "ఏరా, రాత్రి తొమ్మిదింటికి ఎక్కుతున్నావా?"

"వస్తా బావా. ఈసారి క్యారీ నేను, వార్డులు నువ్వు" అని పెట్టాను.

నీలం టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. పది నిమిషాల తర్వాత జవాబు: "ఇవాళ నెట్ సరిగ్గా లేదురా."